మిగిలినవాడిదే కొట్టు

"ఇద్దరిలో ఒకరు పోతే కొట్టు మొత్తం మిగిలినవాడిదే" అని అన్నయ్య దస్తావేజులో ఎందుకు రాయించాడు? మా ఇద్దరి పేర కొట్టు కొన్నప్పుడు నేను క్షయతో మంచంలో ఉన్నాను. నా చావు ఖాయమనుకున్నాడా? ఇరవయ్యేళ్ళుగా, దేవుడికి దీపం పెట్టినప్పుడల్లా అదే అనుమానం.

చివరికి అన్నయ్యే పోయాడు. నెల తిరక్కుండా వదిన మా కుట్టుకొట్టు తాళంచెవి తెచ్చి నా చేతిలో పెట్టింది.

"ఇక నీదేగా, ఉంచుకో."

ఉండబట్టలేక అడిగేశాను. "నేను పోతాననేనా వదినా, అన్నయ్య అలా రాయించింది?"

వదిన తెల్లబోయింది.

"పిచ్చిమొహమా! ఆయన గుండె ఐదేళ్ళు ఆడితే గొప్పని ఆ ఏడే డాక్టరు చెప్పాడు. దేవుడి దయ, ఇరవై ఆడింది. చెరి సగం అని రాస్తే, తను పోయాక మా అన్నలు నా వాటా కోసం తగువుకొచ్చి నిన్ను బయటికి గెంటుతారని భయపడ్డారు."

మర్నాడే వదినను దస్తావేజులు రాసే ఆయన దగ్గరికి తీసుకెళ్ళాను.

"సగం మా వదినది, సగం నాది. ఎవరి సగం వాళ్ళ పిల్లలకే. అలా రాయండి."

"మా అన్నలు ఊరుకోరు," అంది వదిన.

"ఊరుకోకపోతే ఇద్దరం కలిసి తిడదాం."

జబ్బు తగ్గి కొట్టులో పని మొదలుపెట్టినప్పుడు, నెలలో ఇచ్చేస్తానని వదిన దగ్గర తెచ్చుకుని ఇన్నేళ్ళూ ఇవ్వని కుట్టుమిషన్‌కు ఆ సాయంత్రం నూనె వేశాను. మోసుకెళ్ళి ఆమె గదిలో కిటికీ పక్కన దించాను.