ఇంట్లో పెద్దవాళ్ళెవరు?

ఎన్నికల్లో నిలబడ్డ ఒక నాయకుడి ఇంటిపేరు ఒక్కసారి పొట్టిగా పలికినందుకు న్యూస్‌రీడర్ ఉద్యోగం ఊడింది.

ఉదయం ఏడు గంటల బులెటిన్‌లో పలికింది. ఎనిమిదింటికి ఆ నాయకుడి దగ్గర్నుంచి ఫోన్. తొమ్మిదింటికల్లా బల్ల ఖాళీ చెయ్యమన్నారు.

ఆ అమ్మాయి ముక్కు తుడుచుకుంటూ సరాసరి ఉచ్చారణ విభాగానికి వచ్చింది. విభాగమంటే ఒక గది, నాలుగు ఇనప బీరువాలు, వాటి నిండా కార్డులు, ఒకే ఒక్క మనిషి. ఏ ఇంటిపేరు ఎలా పలకాలో ఆ మనిషి కార్డు మీద రాస్తే చానల్ మొత్తం అలాగే పలకాలి. ముప్ఫై ఏళ్ళుగా అదే పని. అందరూ ఆవిణ్ని కార్డులమ్మ అంటారు.

“మేడమ్, మీ కార్డులో ఉన్నట్టే చదివాను కదా!”

“పొల్లుపోకుండా చదివావు.”

“మరి ఆయనేమో రెండో అక్షరం సాగదీసి, చివర ఒత్తి పలకాలట. అది గొప్పింటి పలుకట. నేను కూలివాడి పేరులా పలికానట. ‘ఇంటిపేరు పలకడం రాని మొహానికి టీవీ ఎందుకు, ఇంట్లో కూర్చోబెట్టండి’ అన్నాడట. అసలా పొట్టి పలుకు మీకెవరు చెప్పారు మేడమ్?”

“చెప్పాల్సిన మనిషే చెప్పింది.”

కార్డులమ్మ కళ్ళజోడు తీసి, తుడిచి, మళ్ళీ పెట్టుకుంది. కోపం వస్తే ఆవిడ చేసేది అదొక్కటే.

“ఏడుపాపు. నీ కుర్చీ నీకొస్తుంది. ఆయన కుర్చీ సంగతే చూడాలి.”

పదింటికి చానల్ డైరెక్టరే ఊడిపడ్డాడు.

“ఆ కార్డు మార్చెయ్యండమ్మా. నాలుగు రోజుల్లో పోలింగ్. గెలిస్తే మన నెత్తిన కూర్చునేది ఆయనే.”

“రూలు ఒప్పుకోదు సార్. పలుకు చెప్పాల్సింది ఆ ఇంట్లో బతికున్న పెద్దవాళ్ళు. నాయకులు కాదు. ఎన్నికలొస్తే వాళ్ళ పేర్లకి వాళ్ళే నగిషీలు చెక్కుకుంటారని మీకు ముందున్న డైరెక్టరుగారు పెట్టిన రూలు.”

“ఆయనకి పెద్దవాళ్ళెక్కడున్నారండీ! పాలు తాగే పిల్లాడికి కూడా తెలుసు ఆ కథ.”

తెలుసు. ప్రతి సభలోనూ చెబుతాడు. పదహారేళ్ళప్పుడు ఇల్లు అంటుకుంది. అమ్మా నాన్నా నిద్రలోనే పోయారు. అక్క అతణ్ని కిటికీలోంచి బయటికి తోసి, తను మంటల్లో మిగిలిపోయింది. ఆ ముక్క దగ్గర అతని గొంతు పూడుకుపోతుంది. జనం కళ్ళొత్తుకుంటారు. ఓట్లు రాలతాయి.

టీవీలో ఆ కథ వచ్చిన ప్రతిసారీ కార్డులమ్మ సౌండు పెంచుకుని మరీ వినేది.

“అయితే ఆ మాటే రాసి సంతకం పెట్టమనండి,” అంది. “‘మా ఇంట్లో నాకంటే పెద్దవాళ్ళెవరూ బతికి లేరు’ అని. అప్పుడు ఆ ఇంటికి ఆయనే పెద్ద. ఎలా పలకమంటే అలా పలుకుతాం. కాకపోతే లైవ్‌లో పెట్టాలి. లేదంటే రేపు ప్రతిపక్షం మనమేదో లోపాయికారీగా మార్చామంటుంది.”

కబురు విని నాయకుడి పీఏ ఎగిరి గంతేశాడు. పోలింగ్ ముందు లైవ్‌లో అనాథ కన్నీళ్ళు! కోరినా దొరకవు.

“ఆ పిల్లనే ఎదురుగా కూర్చోబెట్టండి,” అన్నాడు. “సార్ క్షమించినట్టు కూడా ఉంటుంది.”

మర్నాడు పదకొండింటికి స్టూడియోలో లైట్లు వెలిగాయి.

కార్డులమ్మ అద్దం వెనక చీకటి గదిలో నిలబడింది. అవతలి నుంచి చూసేవాళ్ళకి అందులో తమ మొహమే కనిపిస్తుంది. నాయకుడు ఆ అద్దంలో చూసుకుని మీసం సర్దుకున్నాడు. జానెడు దూరం. ఆవిడ రెప్ప వెయ్యలేదు.

“నిన్న కాస్త కోప్పడ్డాను తల్లీ,” అన్నాడు న్యూస్‌రీడర్‌తో, కెమెరా వైపు చూస్తూ. “ఏం చెయ్యను? ఇంటిపేరంటే మా అక్క గుర్తొస్తుంది. ఆ మంటల్లోంచి కూడా ‘పారిపోరా, మన ఇంటిపేరు నిలబెట్టరా’ అని అరిచిందమ్మా పిచ్చిది...”

గొంతు పూడుకుంది. సరిగ్గా పూడుకోవలసిన చోటే.

న్యూస్‌రీడర్ కాగితం ముందుకి జరిపింది.

“రూలు ప్రకారం ఒక్కసారి అడగాలి సార్. మీ ఇంట్లో మీకంటే పెద్దవాళ్ళు...?”

“ఒక్క ప్రాణి లేదు తల్లీ. మా అక్క మీద ఒట్టు.”

కాగితం మీదున్నది పైకి చదివాడు. సంతకం పెట్టాడు. కెమెరా కలం ములుకు దాకా వెళ్ళి ఆ సంతకాన్ని లక్షల ఇళ్ళకి చూపించింది. మూల నిలబడ్డ డైరెక్టర్ గండం గట్టెక్కిందని ఊపిరి పీల్చుకున్నాడు. పీఏ బొటనవేలు పైకెత్తాడు.

కార్డులమ్మ తలుపు తోసుకుని వెలుగులోకి నడిచింది.

“లైవ్! లైవ్‌లో ఉన్నాం!” ఎవరో గొంతు నొక్కుకుని అరిచారు. ఆవిడ ఆగలేదు. నేరుగా వెళ్ళి బల్లకి ఇవతల, కెమెరాకి బాగా అందేలా నిలబడింది.

నాయకుడు చిరాగ్గా తలెత్తాడు. చూశాడు. ఇంకోసారి చూశాడు. చేతిలో కలం జారి దొర్లుకుంటూ కిందపడింది. మేకప్ కింద కూడా మొహం పాలిపోవడం తెలిసింది.

“ఇప్పుడు ఇంటిపేరు సరిగ్గా పలకరా తమ్ముడూ,” అంది, ప్రతి సభలోనూ అతని కోసం కాలి బూడిదైపోతున్న అక్క.