తొమ్మిదింటి రీస్టార్ట్

"అక్కా, ఈ లాగ్ మెసేజీలన్నీ కొత్త ఫార్మాట్‌లోకి మార్చెయ్. టైము, కోడు, స్టేటస్. అంతే," అన్నాడు కొత్తగా వచ్చిన టీమ్ లీడ్.

మా సర్వర్‌లో నడిచే సర్వీసు ఆగితే దాని చిట్టాలో, అదే లాగ్‌లో, "వెళ్లొస్తా" అనీ, మళ్లీ లేస్తే "వచ్చేశా" అనీ పడేది. ఎవరో పాత ప్రోగ్రామర్ చిలిపితనం అనుకున్నాడతను.

"అన్నట్టు, రోజూ పొద్దున తొమ్మిదింటికి ఇది తనంతట తనే రీస్టార్ట్ అవుతోంది. ఏ దయ్యం పట్టిందో చూడక్కా!"

చూస్తానన్నాను. సాయంత్రానికల్లా మెసేజీలు మార్చేశాను.

మర్నాడు తొమ్మిదింటికి నా వేలు అలవాటుగా రీస్టార్ట్ నొక్కింది. "ఆగింది" అని పడింది. "మొదలైంది" అని పడింది.

ఆ పాత మాటలు రాసింది మా ఆయన. నిరుడు ఓ పొద్దున తొమ్మిదింటికి నాతో పోట్లాడి, "వెళ్లొస్తా" అనకుండానే గడప దాటాడు. సాయంత్రం ఆయన హెల్మెట్ ఒక్కటే ఇంటికొచ్చింది.