లచ్చవ్వ ఒట్టు

కొత్తవాడ మలుపు దగ్గరికి రాగానే పండరి తూలడం మొదలుపెట్టాడు.

కరెంటు స్తంభాన్ని ఒకసారి కౌగిలించుకున్నాడు. కిరాణా కొట్టు మెట్టు మీద ఒక చెప్పు వదిలేశాడు. కొట్టు యజమాని పోశయ్య ఆ చెప్పు తెచ్చి చేతికిచ్చాడు.

"ఏం పండరన్నా, ఇయ్యాల జర ఎక్కువైనట్టుంది?"

"ఎక్కువ లేదు, తక్కువ లేదు తమ్మీ. నాది రోజూ ఒకటే కొలత."

పండరి జంపఖానాల వ్యాపారి. కొలతలో తేడా రానివ్వడు.

తాగుడు అతనికి పాతదే. కాకపోతే ఇదివరకు చాటుగా తాగి చాటుగా పడుకునేవాడు. తల్లి లచ్చవ్వ ఒట్టేసుకున్నాకే ఇలా బజారున పడ్డాడు.

ఆర్నెల్ల కింద లచ్చవ్వ ఎల్లమ్మ ముందు దీపం మీద చేయి పెట్టి, కొడుకు మందు మానేదాకా తాను కల్లు ముట్టనంది. డెబ్బై ఏళ్ల మనిషి. పొద్దుగూకితే రెండు లోటాల కల్లు పడనిదే ముద్ద దిగదు. లివర్ పాడవుతోంది మానెయ్ అని దవాఖానలో డాక్టరమ్మ మూడేళ్లు మొత్తుకుంటే, "చెట్టు నీళ్లు బిడ్డా, నువ్వు గూడ తాగు, రంగొస్తది" అని ఎదురు సలహా ఇచ్చిన మనిషి. అంతటిది కొడుకు కోసం నోరు కట్టుకుంది. ఆ కొడుకేమో ఇలా.

ఇంట్లో చిన్నమ్మ చిలుకమ్మ కూర్చుని ఉంది. నర్సంపేట నుంచి బస్సులో వచ్చింది. ఒళ్లో ప్లాస్టిక్ డబ్బా నిండా తాటికల్లు.

"రా కొడుకా. నీ కోసమే కూసున్న. మీ అవ్వ మొకం జూడు, నోరెండిపోయింది. మందు మానేసిన అని ఒక్క మాట అను. ఆమె ఒట్టు తీరుతది. అక్కచెల్లెండ్లం తలా ఓ లోటా తాగి పండుకుంటం."

"ఇప్పుడు గాదు చిన్నమ్మా."

"ఇంకెప్పుడురా, నేను పోయినంకనా?" అంది లచ్చవ్వ. "అను బిడ్డా. రేపు మళ్ల తాగితే తాగుదువు గని. ఇయ్యాల్టికైతే అను."

బేరం జరిగేటప్పుడు ఎదుటివాళ్ల కళ్లు ఎటు పోతున్నాయో చూడటం పండరికి అలవాటు. తల్లి కళ్లు కొడుకు మీద లేవు, డబ్బా మీదున్నాయి. అతని చూపు ఆమె పాదాల మీదికి దిగింది. నిరుడు పూరీల్లా పొంగి ఉండేవి. ఇప్పుడు వెండి కడియాలు వదులై మడమల మీదికి జారుతున్నాయి.

పండరి తలుపు రెక్క పట్టుకుని ఊగాడు.

"మానను. పానం పోయినా మానను."

చిలుకమ్మ డబ్బా మూత బిగించింది.

"అక్కా, నువ్వు కొడుకును కన్లే, బండను కన్నవ్. ఈని కోసమా నీ ఉపాసాలు?"

డబ్బా చంకన పెట్టుకుని కాజీపేటలో కూతురింటికి ఆటో ఎక్కింది. ఆటో మలుపు తిరిగేదాకా లచ్చవ్వ డబ్బానే చూసింది. ఆ తర్వాత కొడుకును తిట్టడం మొదలుపెట్టి, కంచం ముందు కూర్చునేదాకా ఆపలేదు. తిట్టిన ఆకలికేమో, రెండు ముద్దలు ఎక్కువే తింది.

లోపలి గదిలో విజయశ్రీ మొగుడి ముందు చేయి చాపింది.

"చొక్కా విప్పియ్యి. కాలర్ కంపు కొడ్తాంది."

విజయశ్రీ ఆ చొక్కా జేబులోంచి క్వార్టర్ సీసా తీసి ట్యూబ్‌లైట్ వెలుగుకు పట్టి చూసింది: అత్త ఒట్టేసిన రోజే మందు మానేసిన మొగుడు ఆనాడు కొన్న సీసా, రోజూ మలుపు దగ్గర కాలరుకు రెండు చుక్కలు రాసుకోగా ఇంకా సగానికి పైనే ఉంది.