మోచేతుల దాకా

"మోచేతుల దాకా రుద్దు అవ్వా," అంది నర్సు అరుణజ్యోతి.

మాధవరంలో మగ్గం నేసే సుబ్బక్క ఎదురు చెప్పకుండా మళ్లీ సబ్బు తీసుకుంది. నెలలు నిండకుండా పుట్టిన మనవరాలు కడప ఆసుపత్రిలో అద్దాలపెట్టెలో ఉంది. గుండె దాకా పోయే సన్నటి గొట్టంలోంచి మందు ఎక్కుతోంది. ఆ గొట్టం గుండా క్రిములు నెత్తురులోకి దిగితే బిడ్డ దక్కదు. పక్కపెట్టెలో పిల్లోడు నిన్న అట్లే పోయాడు.

పెద్ద డాక్టరు సెల్‌ఫోన్‌లో మాట్లాడుతూ వచ్చాడు. ఫోన్ జేబులో వేసుకుని, నేరుగా గొట్టం మీదికి చెయ్యి చాచాడు.

"ఆయప్ప చేతులు కడుక్కోలేదు గదమ్మా," అంది సుబ్బక్క మెల్లగా.

అరుణజ్యోతి తన నాలుగేళ్ల ఉద్యోగంలో ఆయనకు ఎన్నడూ అడ్డు చెప్పలేదు.

"సార్, చేతులు," అంది.

డాక్టరు ఆమెను ఒక్క క్షణం చూసి, కొళాయి దగ్గరికి నడిచాడు.

ఆయన వెళ్లాక, "మంచిపని చేసినావు అవ్వా," అంది అరుణజ్యోతి.

"మొన్న పక్కపెట్టె పిల్లోన్ని గూడా ఇట్లే ముట్టుకున్యాడు. డాక్టర్లకు అక్కర్లేదేమో అనుకుంటి."

అరుణజ్యోతి ఖాళీగా ఉన్న పక్కపెట్టె వైపు చూసింది. నిన్న ఆ పిల్లోడి తల్లి బిడ్డను గుడ్డలో చుట్టుకుని రాయచోటికి బయల్దేరుతూ, "నేనేం తప్పు చేసినా సిస్టర్?" అని అడిగింది.

"నువ్వు చేతులు సరిగ్గా కడుక్కోలేదు," అని చెప్పి పంపింది తనే.