మంగళవారం హాజరు

"నిరుద్యోగ భృతి రాదండీ. మీరు పనిలోనే ఉన్నారుగా," అంది అద్దం వెనకనుంచి గుమాస్తా.

మెషిన్‌మన్‌కి ఒళ్ళు మండిపోయింది. "ప్రింటింగ్ ప్రెస్సులోంచి నన్ను గెంటేసి నెల దాటిందమ్మా! ఇంకెక్కడి పని?"

"మొన్న మంగళవారం నుంచి మీకు హాజరు పడుతోంది. మీ యజమానే పంపారు."

పక్కనున్న భార్య గిరుక్కున తిరిగింది. "ఆ రోజు ఎక్కడికెళ్ళావయ్యా?"

అతను గొంతు తగ్గించాడు. "రోలరు పట్టేసిందని ఫోన్ చేశాడు. కొత్తవాడికి చేతకావట్లేదట. ఇన్నేళ్ళు నా చేత్తో తుడిచిన మెషిను, మనసొప్పలేదు."

"పైసా ఇచ్చాడా?"

"టీ ఇప్పించాడు."

"మన నోట్లో మట్టి కొడుతూ, పైన టీ కూడా పోశాడన్నమాట!" ఆమె అరుపుకి హాల్లో అందరూ తలలు తిప్పారు.

జేబులో ఫోన్ మోగింది. యజమానే. "ఒరేయ్, మెషిను మళ్ళీ ఆగిందిరా. ఒక్కసారి వచ్చిపో."

అలవాటు కొద్దీ అతని కాళ్ళు గుమ్మంవైపు కదిలాయి. భార్య ఆ కాళ్ళవంకే చూసింది. అతనూ చూసుకున్నాడు. సిగ్గుతో ఆగిపోయాడు.

"మంగళవారం నుంచి మీ దగ్గర నా పేరుతో ఒకడు పనిచేస్తున్నాడటగా," అన్నాడు ఫోన్లో, పళ్ళు బిగించి. "వాణ్ణే పిలుచుకోండి."