గడప దాటిన పెరుగు

నిజాంపేటలోని ఆ అపార్టుమెంటులో ప్రతి ఫ్లాటూ ఒక కంపెనీయే. ఒకరు మందుల కోసం బాత్‌రూంలో నాచు పెంచుతారు, ఇంకొకరు బాల్కనీలో బూజు. హైమవతి కంపెనీ వంటింట్లోనే ఉంది. ఆమె తయారుచేసేది షుగర్ తగ్గించే పెరుగు. ఇంతకుముందు పెట్టిన కంపెనీలన్నీ మునిగాయి. ఇదీ పోతే మళ్ళీ మొదలుపెట్టే ఓపిక ఆమెకి లేదు.

ఇన్వెస్టరు గంటలో వస్తాడనగా ఆమె భర్త మురళీధర్ ఉన్న పెరుగంతా మరుగుతున్న పాలలో తోడు వేసేశాడు.

"గోరువెచ్చగా అని చెప్పానా లేదా?"

"చెప్పావు. నిద్రమత్తులో ఉన్నాను."

తిట్టడానికి కూడా టైం లేక హైమవతి ఎదురు ఫ్లాటుకి పరిగెత్తింది. పోయిన నెల అక్కడుండే సక్కుబాయి పిన్నిగారు అడిగితే కాదనలేక దొంగచాటుగా కాస్త తోడు ఇచ్చింది. ఆవిడ ఇప్పుడు గిన్నెడు తిరిగిచ్చింది.

ఇన్వెస్టరు ఆ పెరుగును పరీక్షించి సంతోషంగా తలాడించాడు.

"ఒక్కటే ప్రశ్న మేడమ్. ఇది ఎప్పుడైనా మీ గడప దాటిందా? దాటితే ఎవరింట్లో వాళ్ళే తోడు వేసుకుంటారు, ఇక మేము పెట్టుబడి పెట్టలేం."

"లేదండీ," అంది హైమవతి.

అంతలో సక్కుబాయి ఇంకో గిన్నెతో లోపలికి వచ్చింది.

"చాలదేమోనని తెచ్చానే హైమా! నీ తోడు పుణ్యమా అని ఐదో అంతస్తు దాకా అందరికీ షుగర్ దిగింది. బాబూ, ఇలాంటి పెరుగు ఇంకెక్కడైనా ఉందా, మీరే చెప్పండి!"

ఇన్వెస్టరు బ్యాగు మూసుకుని వెళ్ళిపోయాడు.

"ఏమ్మా, డబ్బు పెడతానన్నాడా?"

హైమవతి కుర్చీలో కూలబడింది.

"లేదు పిన్నిగారూ. ఆరో అంతస్తు వాళ్ళకి కూడా ఇచ్చేయండి."