వాన మీట

ఈ ఏడు కరువు సాయంగా ఇంటికో జత ఆట కళ్లద్దాలు ఇచ్చారు. పెట్టుకుంటే చుట్టూ ఇంకో లోకం. అందులో ఎవరికి తోచినట్టు వాళ్లు బతకొచ్చు. పక్కింటి సుంకన్న అక్కడ విమానాలు తోలుతాడు. ఓబులప్ప మాత్రం అక్కడా అయిదెకరాలు దున్ని, వాన కోసం ఆకాశం చూస్తూ కూర్చున్నాడు.

"ఆ ఆటలో ఏందో మీట నొక్కితే వానొస్తాదంట గదా, నొక్కగూడదా?" అంది భార్య చెన్నమ్మ.

"మనం నొక్కితే పడేది వానెట్లయితాదే? దానంతట అది రావల్ల."

మూడు నెలలకు ఆటలోని ఎద్దు ఎండకు పడి చచ్చిపోయింది. ఓబులప్ప నిజంగానే ఏడ్చాడు, అన్నం ముట్టలేదు. మర్నాడు అతను పెరట్లోకి వెళ్లినప్పుడు చెన్నమ్మ కళ్లద్దాలు పెట్టుకుని మీట నొక్కేసింది.

సాయంత్రం దాకా అతను ఖాళీ గదిలో వంగి వంగి విత్తనం వేశాడు. కళ్లద్దాలు తీసేసరికి ముఖం వెలిగిపోతోంది.

"పడిందే! మన చేన్లో గూడా పడింటాది. పొద్దున్నే పోదాం. అటక మీది శెనక్కాయ ఇత్తనాల మూట దించిపెట్టు."

చెన్నమ్మ అతని ముందు అన్నం కంచం పెట్టింది. నెల్నాళ్లుగా ఆ మూటే వాళ్ల కూర. చివరి గుప్పెడు గింజలూ పొద్దున్నే వేయించి నూరింది. అతని కంచంలో ముద్ద పక్కనున్న చట్నీ అదే.